సంతలో విన్న పన్నెండు: సవరభాష, దాని చుట్టరికము
(గిడుగు వేంకట రామమూర్తి స్మారకోపన్యాసము)



గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేర జరుగు ఈ సభలో మాటలాడుమని నన్ను కోరినప్పుడు మొదట సంతోషమును, వెనువెంటనే సంకోచమును కలిగినవి. సంకోచమునకు కారణము నా భాషయే. గ్రాంథికపు సంకెలలను తెంచుటకై జీవితమున సగపాలు వెచ్చించిన మహనీయుని స్మరించు వేదికమీద, బాల్యమున పండితుల యొద్ద అలవడిన ఈ పాతబాణీని నేటికిని విడువలేని నావంటివాడు నిలువబడుట ఏమి మర్యాద యని తోచినది. ఆలోచింపగా ధైర్యము కలిగినది. ఆయన పోరాటము పాత పుస్తకములతో కాదు. ప్రాచీన గ్రంథములను ఆయనకంటె శ్రద్ధగా చదివినవారు ఆ కాలమున అరుదు. పుస్తకములోనున్నదే భాష యనియు, నోటిలోనున్నది భాష కాదనియు వాదించువారితోనే ఆయనకు పేచీ. నా నోటికి అలవాటైన వాక్యము ఇట్టిది కనుక, నోటిమాటను మన్నించిన ఆ పెద్దమనసు నన్నును మన్నించునని నమ్మి మొదలిడుచున్నాను.

తెలుగువారు ఆయనను తెలుగు కొరకు స్మరింతురు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగ జరుపుకొందురు. అది న్యాయమే. కాని ఆయన యౌవనమునుండి వార్ధక్యమువరకు విడువక సాకిన భాష మరియొకటి కలదు. అది ఆయన మాతృభాష కాదు. ఆయన కులమువారి భాష కాదు. ఆ రోజులలో రాజాస్థానములోగాని కచేరీలోగాని బడిలోగాని అడుగుపెట్టిన భాషయు కాదు. అది సవర. సవరలు తమ్ము తాము సొర యందురు. నేటి నా ప్రసంగము ఆ భాషను గూర్చియు, లోకమునందు దానికి గల చుట్టములను గూర్చియు.

మొదట ఒక చిన్న జ్ఞాపకమును మనవిచేసికొందును. నాకు పది పండ్రెండేండ్ల వయస్సున మా తండ్రిగారి వెంట సీతంపేట సంతకు వెళ్ళితిని. కొండలనుండి దిగిన సవరలు పసుపుకొమ్ములు, చింతపండు, అనాసపండ్లు, కొండచీపుళ్ళు నేలమీద పరచుకొని కూర్చుండిరి. ఒక సవర ముసలమ్మ చీపురుకట్టలను ఒక్కొక్కటిగా ప్రక్కకు పెట్టుచు తనలో తాను లెక్కించుకొనుచుండెను. గెల్‌జి, గెల్‌ముయ్, మిగ్గెల్ అని వినబడినది. ఆ మీదట మిగ్గెల్‌బొయ్, మిగ్గెల్‌బాగు అనుచు, ఆ మిగ్గెల్‌ను విడువకయే లెక్క సాగినది. ప్రక్కనున్న వ్యాపారి నవ్వి, “పన్నెండు దాటితే ఈళ్ళకి లెక్క రాదు బాబూ” అనెను. ఆయన నవ్వెను గనుక నేనును నవ్వితిని. ముసలమ్మ తలయెత్తి నా వంక ఒకసారి చూచి, మరల తన లెక్కలో పడినది.

ఆ నవ్వునకు సిగ్గుపడుటకు నాకు ఇరువదియేండ్లు పట్టినది. రామమూర్తిగారి సవర వ్యాకరణము చేతికి వచ్చి, సంఖ్యావాచకముల పుట తెరచిన దినమున ఆ ముసలమ్మ చూపు మరల నా యెదుట నిలిచినది. సవరలో మిగ్గెల్ అనగా పండ్రెండు. బొయ్ అనగా ఒకటి, బాగు అనగా రెండు. మిగ్గెల్‌బొయ్ అనగా పండ్రెండును ఒకటియు, అనగా పదుమూడు. ఇట్లు పండ్రెండును ఏడును కలిపి పందొమ్మిది వరకు నడచి, ఇరువది వచ్చినంతనే బొకుడి యని క్రొత్త మెట్టు ఎక్కుదురు. ముప్పదిరెండు చెప్పవలసినచో బొకుడి మిగ్గెల్: ఇరువదియు పండ్రెండును. మనము పదిని ఆధారముగ చేసికొని పదిమీద మూడు వేసి పదుమూడు అన్నట్లు, వారు పండ్రెండును ఆధారముగ చేసికొని దానిమీద ఒకటి వేసిరి. పదుమూడు అన్నవానికి పది దాటిన లెక్క రాదని ఎవరైన అందురా? పండ్రెండును ఇరువదిని జంటమెట్లుగా చేసికొన్న లెక్క ప్రపంచభాషలలో మిక్కిలి అరుదు. అరుదైన దానిని చూచి వ్యాపారి అజ్ఞానమనుకొనెను. ఆ దినమున సంతలో లెక్క రానివారము మేమిద్దరమే.

ఆ నవ్వు ఆ వ్యాపారిది మాత్రమే కాదు. అది మైదానపువారి నవ్వు. ఆ నవ్వులో పాలుపంచుకొనని మైదానపువాడు ఒకడు మన ప్రాంతమున పుట్టెను. రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. పర్లాకిమిడికి ఒక ప్రక్క వంశధార మైదానము. మరియొక ప్రక్క సవరకొండలు. బజారులో దినదినము కనబడు సవరలతో పట్టణపువారు బేరమునకు కావలసిన నాలుగు మాటలు మాత్రమే మాటలాడుచుండగా, ఆయన ఆ భాష వచ్చినవారిని ఇంట నుంచుకొని, వారివలన ఒక్కొక్క మాటయే నేర్చి, కొండలెక్కి తిరిగి, చలిజ్వరమునకు గురియయ్యెను. ఆ జ్వరమునకు వాడిన క్వినైనా మందే తరువాత ఆయనకు వినికిడి తగ్గించినదని పెద్దలు చెప్పుకొందురు. ఒక భాషయొక్క ధ్వనులను చెవియొగ్గి పట్టుకొనుటకు పోయి చెవినే పోగొట్టుకొనుట! ఆయన శ్రమకు ఫలముగ సవర వాచకములు, పాటలు, కథలు, నిఘంటువులు వెలసినవి. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయము 1931లో ఆయన సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించెను. వ్యాకరణము పేరులోనే సొర శబ్దమునందలి దీర్ఘములను చూపుటకు ధ్వనిశాస్త్రపు గుర్తులు వేసియుండుట గమనింపదగినది. ముఖపత్రమునుండియే చెవి మాటలాడిన పుస్తకమది.

ఈ పరిశ్రమకును వ్యావహారిక భాషోద్యమమునకును సంబంధము లేదనుకొనుట పొరపాటు. లిపి లేని భాషను ముప్పది నలువదియేండ్లు విన్నవానికి ఒక సత్యము తెల్లమగును. వ్రాత లేకున్నను వ్యాకరణము ఉండును; పండితుడు లేకున్నను శబ్దము తన నియమమును తాను తప్పదు. సవర ముసలమ్మ నాలుకమీద ఇంత చక్కని వ్యాకరణమున్నప్పుడు, తెలుగు రైతు నాలుకమీద ఉన్నది మాత్రము భ్రష్టభాష ఎట్లగును? తెలుగు పండితులతో ఆయన చేసిన వాదమునకు సవరకొండలే మొదటి బడి యని నేను నమ్ముదును.

ఇక భాష విషయమునకు వత్తును. శబరుల పేరు వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనము. ఐతరేయ బ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానమున, తండ్రిమాట వినని విశ్వామిత్రుని పెద్దకొడుకులు శాపగ్రస్తులై ఆర్యావర్తపు అంచులకు పోయిరనియు, వారి సంతతియే ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులనియు చెప్పబడినది. ఆంధ్ర శబ్దము మొట్టమొదట కనబడు చోటు ఇదియే యని మనము గర్వముగా చెప్పుకొందుము. అదే వాక్యమున మన ప్రక్కన శబరుడు నిలిచియున్నాడని మాత్రము ఎన్నడును చెప్పుకొనము. ఆ వేదకాలపు శబరులే నేటి సవరలని రూఢిగా చెప్పుటకు వీలులేదు. ప్రాచీనులు అడవిజాతులకు పెట్టిన పేర్లు ఒకరినుండి ఒకరికి జారుచుండును. అయినను పేరునకు పేరు సరిపోవుచున్నది. పాత వాఙ్మయము మనలను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టినది. పంక్తిలోని తోడివాని భాష ఏమిటో తెలిసికొనుట కనీసమైన మర్యాద.

ఆ భాష తెలుగువలె ద్రావిడమా? కాదు. ఒరియావలె ఆర్యభాషాజన్యమా? అదియు కాదు. 1854లో మాక్స్ ముల్లర్ ఛోటానాగపురపు కొన్ని భాషలను ద్రావిడమునుండి వేరుచేసి వానికి ముండా యను పేరు పెట్టెను. సంతాలీ, ముండారీ, హో, కోర్కూ మొదలైనవి ఉత్తరశాఖ. ఖరియా, జువాంగ్, సవర, గొరుం, గుతోబ్, రెమొ, గ్తా అనువానిని దక్షిణపువానిగా చెప్పుట పరిపాటి. ఈ దక్షిణపువన్నియు ఒకే కొమ్మయా, వేర్వేరు కొమ్మలా యనునది పండితులలో ఇంకను తెగని చర్చ. సవరకు మిక్కిలి దగ్గర చెల్లెలు గొరుం. దానినే మనవారు పరెంగి యందురు. రెమొ యనగా బోండాల భాష, గ్తా యనగా దిదాయిల భాష. గుతోబ్ గదబలది. ఇందొక చిత్రము కలదు: గదబలని మనము ఒక పేరుతో పిలుచువారిలో కొందరిది ముండాభాషయైన గుతోబ్, మరికొందరిది ద్రావిడభాషయైన ఒల్లారి. ఒక జాతి పేరు క్రింద రెండు భాషాకుటుంబములు కాపురమున్నవి. జాతిని చూచి భాషను, భాషను చూచి జాతిని నిర్ణయింపబోవువారికి ఇదొక హెచ్చరిక.

ముండాభాషల చుట్టరికము మన దేశముతో ముగియదు. 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ అను పండితుడు ఈ భాషలకును, మేఘాలయమునందలి ఖాసీకిని, నికోబారు దీవుల భాషలకును, బర్మాలోని మోన్‌కును, కంబోడియాలోని ఖ్మేరునకును సంబంధము చూపి, ఆ కుటుంబమునంతటిని ఆస్ట్రో ఆసియాటిక్ అని వ్యవహరించెను. వియత్నామీయుల భాషయు ఇందులోనిదే యని తరువాతివారు స్థిరపరచిరి. అదే 1906లో గ్రియర్సన్ భాషాసర్వేక్షణమునందలి ముండా, ద్రావిడ సంపుటము వెలువడినది. దానిని కూర్చినవాడు స్టెన్ కోనో. అరువదియేండ్లు గడువక మునుపే, 1959లో, పిన్నో అను జర్మను పండితుడు ఖరియాను ఆధారముగ గైకొని ముండాధ్వనుల చరిత్రను వ్రాసెను. షికాగోలో నార్మన్ జైడ్, ఆయన తోడివారు ఈ శాఖను కొనసాగించిరి. మన సీతంపేట కొండమీది మాటకు ఆంగ్‌కోరు దేవాలయముల నెత్తించినవారి మాట బంధువన్నమాట.

బంధుత్వమునకు సాక్ష్యమేమని మీరడుగవచ్చును. సాక్ష్యమును అరువుమాటలలో వెదుకరాదు. సవరలో తెలుగుమాటలు, ఒరియామాటలు కావలసినన్ని కలవు. బేరము, పన్ను, కోర్టు మొదలైనవి మైదానమునుండి కొండకు ఎక్కినప్పుడు వాని పేర్లును వానితో ఎక్కినవి. ఇంటి సామానును చూచి ఇంటివాని వంశము తేల్చలేము, ముఖకవళికను చూడవలయును. భాషకు ముఖకవళిక యనదగినవి నీరు, చేయి, కన్ను, రెండు, మూడు వంటి నిత్యపు మాటలు. నీటిని సవర డాఅ అనును. రెండచ్చుల నడుమ గొంతును క్షణము మూసి విడుచును. సంతాలీలో దాక్, నికోబారులో దాక్, ఖ్మేరులో తెక్. చేతిని సవర సిఇ అనును. సంతాలీలో తీ, ఖాసీలో క్తీ, వియత్నామీలో తాయ్. కన్ను సంతాలీలో మెత్, ఖాసీలో ఖ్మత్, వియత్నామీలో మత్. రెండును సవర బాగు అనును; ముండారీలో బర్, ఖాసీలో ఆర్, మోన్‌లో బా. ఆరు సవరలో తుడ్రు, సంతాలీలో తురుయ్. ప్రాచీన మోన్ శాసనములలోని రూపము దీనికి చేరువ. పులి ఖ్మేరులో ఖ్లా, ఖాసీలో ఖ్లా. సవరలో కినా, దాని కుఱుచరూపము కిడ్. ఒక్కమాట పోలుట యాదృచ్ఛికము కావచ్చును. ఇన్ని మాటలు, అదియు నియమబద్ధములైన ధ్వనిమార్పులతో, కావు.

మాటలకంటె బలవత్తరమైన సాక్ష్యము మాటలు కట్టెడి తీరు. మనము ఒక క్రియనుండి నామమును చేయవలసినచో చివర ప్రత్యయమును తగిలింతుము: ఊడ్చు, ఊడ్పు, కూర్చు, కూర్పు. సవర అట్లు చేయదు. మాట నడుమను చీల్చి లోపల ఒక అక్షరమును పొదుగును. జో అనగా ఊడ్చు. అందులో నకారమును చొప్పింపగా జనో, అనగా చీపురు. నా ముసలమ్మ సంతలో లెక్కించిన వస్తువే తన పేరులో తన వంశచిహ్నమును దాచుకొన్నది. సంతాలీలో ఊడ్చుటకు జొక్, చీపురునకు జొనొక్. ఖ్మేరులో పుట్టుటకు కాఎత్, పుట్టుకకు కమ్‌నాఎత్. నడచుటకు డాఒ, నడక లేక ప్రయాణమునకు డమ్‌నాఒ. అరువు తెచ్చుకొనువారు వస్తువుల పేర్లు తెచ్చుకొందురేగాని, మాటల కడుపు చీల్చి మాట పెట్టు విద్యను అరువు తెచ్చుకొనరు. అది పుట్టుకతో రావలసినదే.

ఇప్పుడు రామమూర్తిగారు పట్టుకొన్న మరియొక విశేషమును నివేదింతును. నా ప్రసంగమున దీనికంటె విలువైనది లేదు. సవరలో పెక్కు నామములకు రెండు రూపములు: విడిగా నిలుచు నిండురూపము ఒకటి, సమాసమున దూరు కుఱుచరూపము మరియొకటి. కుక్క విడిగా కిన్సోడ్, సమాసమున సోడ్. ఎనుము విడిగా బొఙ్‌తెల్, సమాసమున బొఙ్. పులి విడిగా కినా, సమాసమున కిడ్. ఈ కుఱుచరూపములను సవర క్రియయొక్క గర్భమున నిలుపును. ఆయన యిచ్చిన ఒక ఉదాహరణము ఞమ్‌కిడ్‌తమ్. ఞమ్ అనగా పట్టు. కిడ్ అనగా పులి. తకారము ఇంకను జరుగని కాలమునకు గుర్తు. చివరి అమ్ నిన్ను అనుటకు గుర్తు. “పులి నిన్ను పట్టుకొనును” అను వాక్యమంతయు ఒక్క క్రియాపదము. కత్తియను సాధనమును, కడుపను చోటును కూడ పొడుచు అను క్రియలోనే ఇముడ్చుకొనగల శక్తి ఈ భాషకు కలదు. క్రియలో కర్మను కలుపుకొను భాషలు లోకమున కొన్ని కలవు. క్రియయొక్క కర్తనే, అనగా పట్టెడి పులినే, మ్రింగివేయునవి మిక్కిలి అరుదు. అందువలననే పర్లాకిమిడిలో ఒక పంతులుగారు వ్రాసికొన్న ఆ ఉదాహరణము ఖండాంతరములలోని భాషాశాస్త్రజ్ఞుల చర్చలలోనికి ఎక్కినది.

ఇందు ఇంకను లోతైన విషయమొకటి దాగియున్నది. తెలుగున కర్మ ముందును క్రియ వెనుకను వచ్చును: పులిని పట్టెను. మన సమాసక్రియలును అట్లే: చేపట్టు, తలపెట్టు, కాలూను, నామము ముందు, క్రియ వెనుక. సవరయు నేడు వాక్యమున మనవలెనే క్రియను చివర పెట్టును. వేలయేండ్లుగా ద్రావిడ, ఆర్యభాషల నడుమ కాపురముండుటచే అలవడిన ఇరుగుపొరుగు వాడుక అది. కాని ఞమ్‌కిడ్‌తమ్ అను పదములోపలికి తొంగి చూడుడు: పట్టు ముందు, పులి వెనుక. వాక్యము మన దారి పట్టినది. పదగర్భము మాత్రము ఖ్మేరు, మోన్, ఖాసీల పాత దారిలోనే, క్రియ ముందు నామము వెనుకగా, నిలిచియున్నది. డేవిడ్ స్టాంప్, పట్రీషియా డొనెగన్ అను పండితులు ఈ సంగతిని చూపి, ముండాభాషల లయయే మారినదని, చివరి అక్షరముమీద ఊనిక యుండెడి పాతనడక ఇచట మొదటి అక్షరముమీద ఊనికగా మారి, దానితోపాటు వాక్యక్రమమును తలక్రిందయ్యెనని వాదించిరి. పరదేశమున స్థిరపడిన కుటుంబము వీధిలో అచటి బట్టలే కట్టుకొని అచటి మాటయే మాటలాడును. దేవుని గదిలో మాత్రము పాత ఆచారమును విడువదు. సవర క్రియాపదము ఆ దేవుని గది.

ఈ కుటుంబము తూర్పునుండి ఇచటికి ఎట్లు వచ్చినది? బ్రహ్మపుత్ర లోయగుండ కాలిబాటను వచ్చినదని చాలకాలము తలచిరి. 2019లో ఫెలిక్స్ రౌ, పాల్ సిడ్వెల్ అనువారు సముద్రముమీదుగా వచ్చి మహానదీముఖమున దిగినదని, సుమారు మూడున్నర, నాలుగు వేల యేండ్లనాటి ముచ్చట యని ప్రతిపాదించిరి. జన్యుశాస్త్రజ్ఞులు ముండాభాషీయులలో పితృవంశపు గుర్తులు పెక్కు ఆగ్నేయాసియాతో పోలునని, మాతృవంశపు గుర్తులు మాత్రము ఈ నేలవేయని కనుగొనిరి. వచ్చినవారు ఇచటివారితో వియ్యమందిరని అర్థము. ఎవరిని స్వచ్ఛమైన మూలవాసులనియు, ఎవరిని పరాయివారనియు విభజించుటకు నేను దీనిని చెప్పుటలేదు. బంగాళాఖాతము మనకు ఎల్లయని తలచుచున్నాము. సవరభాష దానిని ఇంటిముందరి చెఱువుగా చూపుచున్నది. అంతియే నా ఉద్దేశము.

ఇక ఈ కుటుంబమునందలి ఐశ్వర్యదారిద్ర్యములను చూడుడు. వియత్నామీ ఒక రాజ్యమునకు భాష. ఖ్మేరు ఒక రాజ్యమునకు భాష. ముండాభాషలలో సంతాలీ 2011 జనగణనమున డెబ్బది మూడు లక్షలమందికి మాతృభాష. పండిత రఘునాథ్ ముర్ము 1925లో దానికి ఓల్ చికి లిపిని కల్పించెను. 2003 నాటి రాజ్యాంగసవరణముచే అష్టమ షెడ్యూలులో స్థానము లభించెను. సవర మాటలాడువారు అదే జనగణనమున నాలుగు లక్షలకు కొంచెము పైగా. ఒరిస్సాలో గజపతి, రాయగడ జిల్లాలు, మనవైపు శ్రీకాకుళము, పార్వతీపురము మన్యపు కొండలు వారి నెలవు. గుతోబ్, రెమొ, గ్తా వేలలోనికి దిగినవి. గొరుం మాటలాడు ముసలివారిని వెదుకవలసిన స్థితి. అరకు ప్రాంతపు గదబలలో పెక్కుమంది పిల్లలకు తాతల మాట తెలియదు. కాని సవర మృతభాష కాదు. మృత్యువు వీధిలోనికి వచ్చియున్నను వాకిలి తట్టని యింటి వంటిది. ఇట్టి యింటినే మనము నిర్లక్ష్యము చేయుదుము. చావునకు దగ్గరైనదానికి సానుభూతియైన లభించును. నిలుకడగానున్నదానికి అదియు దొరకదు.

1936వ సంవత్సరము సవర చరిత్రలో చెప్పుకొనదగినది. ఆ యేప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి, పర్లాకిమిడి అందు చేరినది. తెలుగు పర్లాకిమిడి కొరకు వాదించి ఓడిన రామమూర్తిగారు ఆ వార్ధక్యమున ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ యేడే కొండమీద మంగేయి గొమాంగో అను సవర, తన భాషకు సొరఙ్ సొంపెఙ్ అను లిపిని ప్రకటించెను. అందలి 24 అక్షరములను 24 దేవతలకు అంకితము చేసి, లిపినే ఆరాధ్యముగా చేసికొన్న మతశాఖయు వెలసినది. కొండక్రింద నుండి సవరను వ్రాసిన గురువు కొండను విడిచిపోయిన యేడు, కొండమీదనే సవరను వ్రాయువాడు పుట్టెను. ఈ రెండింటికి కార్యకారణసంబంధము లేదు. కాని దీనిని తలచినప్పుడెల్ల నాకు ఊరట కలుగును. పరుల శ్రద్ధ ఎంత గొప్పదైనను అది వంతెన మాత్రమే. భాష తన కాళ్ళమీద నడువవలసినది తనవారి వలననే. నేడు సవరను ఒక చోట సొంపెఙ్‌లో, ఒక చోట ఒరియా అక్షరములతో, క్రైస్తవ గ్రామములలో రోమను అక్షరములతో, మనవైపు తెలుగు అక్షరములతో వ్రాయుదురు. ఒక భాషకు నాలుగు వ్రాతలు. డాఅ అనుటలోని ఆ గొంతు మూతను గుర్తించుటకు మాత్రము తెలుగు అక్షరమాలలో అక్షరము లేదు.

ఇంతవరకు చెప్పినదానిని ఒక్క మాటలో కూర్చెదను. లిపి లేని భాషకు చరిత్ర లేదని మనము తలచుచున్నాము. మనకు నన్నయ కలడు, శాసనములు కలవు, తాటాకులు కలవు, వారికేమున్నదని అడుగుచున్నాము. వారికి చీపురు అను మాటయున్నది. పులి పట్టుకొనునను ఒక్క క్రియయున్నది. పండ్రెండుమీద ఒకటి వేయు లెక్కయున్నది. వేలయేండ్ల చరిత్రను వ్రాతలో కాక వ్యాకరణములోనే దాచుకొన్న జాతి అది. శాసనమును ఎవడైన పగులగొట్టవచ్చును. ఆ దాపును పగులగొట్టవలెనన్నచో ఒకటే మార్గము: పిల్లవాని నోటినుండి ఆ మాటను బడిలో తుడిచివేయుట.

బడి యన్నంతనే రామమూర్తిగారిని గూర్చి మన ప్రాంతమున చెప్పుకొను ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. సవర పుస్తకములకై ప్రభుత్వమువారు పారితోషికమీయబోగా ఆయన పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవరపిల్లలకు మంచి బడి పెట్టుడని కోరెనట. ఈ శతాబ్ది మొదటి దశాబ్దమున ఆంధ్రప్రదేశమున సవర, కొండ, కువి, కోయ, గోండి మొదలైన భాషలలో పిల్లలకు మొదటి పాఠములు చెప్పు ప్రయత్నము జరిగినది. సవర వాచకములు అచ్చైనవి. అది మెచ్చదగినది. కాని ప్రయత్నమునకును వ్యవస్థకును నడుమ దూరము ఎంతయో మనకు తెలియును. వాచకము వచ్చిన బడిలో సవర వచ్చిన ఉపాధ్యాయుడు లేకుండుట, సవర వచ్చిన ఉపాధ్యాయుడున్న బడిలో వాచకము లేకుండుట మన కొండలలో వింత కాదు.

సవరల పాత ఆచారమును గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథము వ్రాసెను. పియర్స్ విటెబ్‌స్కీ వారితో కాపురముండి వ్రాసెను. వారి సంప్రదాయమున చనిపోయినవాడు ఊరకుండడు. కురన్ లేక కురన్‌బోయ్, అనగా పూజారియో పూజారిణియో, ఆవేశము పొందినప్పుడు ఆ నోట మృతుడు వచ్చి తనవారితో మాటలాడును. నాకేమి పెట్టితిరి, నా పొలమేమైనది, నా బిడ్డను చూచుచున్నారా యని నిలదీయును. బ్రదికినవారు సమాధానములు చెప్పుకొందురు, వాదింతురు, ఏడ్తురు, నవ్వుదురు. నేడు సవరలలో పెక్కుమంది ఈ ఆచారమును విడిచిరి. మన స్మారకసభలు మాత్రము వేరు తీరుగా సాగుచున్నవి: మనము చనిపోయినవారిని గూర్చి మాటలాడుదుము, వారిని మాటలాడనీయము. పూలదండ వేసి నోరు మూయుదుము.

ఈ సాయంత్రము సవరల మర్యాద ప్రకారము ఆయనను రానిచ్చినచో ఏమడుగును? తెలుగు గెలిచినదా యని అడుగడు. అది ఆయనకు తెలియును. చెవిమీద చేయి ఒగ్గి, ఆ బడి పెట్టితిరా యని అడుగును. మనము జవాబు వెదకికొనుచుండగా, సంతలో ఆ ముసలమ్మ తలయెత్తి చూచినట్లు ఒకసారి మన వంక చూచును. ఆ చూపునకు బదులు చెప్పవలసిన బాకీ నాకు చిన్ననాటినుండి కలదు. దానిలో ఒక పిసరు ఈ ప్రసంగముతో తీర్చుకొంటిని. మిగిలినది మీకును నాకును ఉమ్మడి.